గది బేరం వేరు, ఈత బేరం వేరు

2019లో పారిస్‌లో మేం దిగిన హోటల్‌కు పూల్ ఉంది. అది ఉందనే తీసుకున్నాం. రెండు వీధుల అవతల అచ్చం అలాంటి గదే రాత్రికి 60 యూరోలు తక్కువకు వస్తుంటే, "రోజూ పొద్దున్నే ఈదొచ్చు కదా" అని మా ఆవిడను ఒప్పించి మరీ డబ్బు కట్టాను. దిగిన మర్నాడు ఏడింటికల్లా తువ్వాలు భుజాన వేసుకుని లిఫ్టులో సెల్లార్‌కి వెళ్లాను. కమాన్లు తీర్చిన పాత రాతి గది, నీలం లైట్లు, ఎక్కణ్నించో సన్నగా సంగీతం. నీళ్లలోకి దిగి నాలుగు బారలు వేశానో లేదో చెయ్యి గోడకు కొట్టుకుంది. వెనక్కి తిరిగి ఇంకో నాలుగు. మళ్లీ గోడ. చిన్నప్పుడు నడుముకు సొరబుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్న మా ఊరి మోటబావి ఇంతకంటే పెద్దది.

ఆరు రాత్రులు ఉన్నాం. అంటే ఆ నీలం లైట్ల తొట్టికి నేను కట్టింది 360 యూరోలు. అదే ఊళ్లో నగరపాలక సంస్థ కొలనుల్లో 25 మీటర్లవి ఉన్నాయి, 50 మీటర్లవీ ఉన్నాయి. అప్పట్లో టికెట్టు మూడున్నర యూరోలు. ఆరు రోజులూ వెళ్లినా 21 యూరోలు. ఈ సంగతి నాకు నాలుగో రోజున తెలిసింది.

అప్పటి నుంచి ఎవరైనా "ఫలానా ఊరు వెళ్తున్నాం, పూల్ ఉన్న హోటల్ చవకలో చెప్పు" అంటే, ముందు ఆ ప్రశ్నను రెండు ముక్కలు చేయమంటున్నాను. గది ఎంత? ఈత ఎంత? రెండూ కలిపి కొంటే కొన్ని ఊళ్లలో కలిసొస్తుంది, కొన్ని ఊళ్లలో నిలువుదోపిడీ. మనం వెళ్లే ఊరు ఏ రకమో తెలుసుకోవడంలోనే కిటుకంతా ఉంది.

బాలి, ఫుకెట్, కౌలాలంపూర్ లాంటి చోట్ల కలిపి కొనడమే మేలు. ఏడాదంతా వెచ్చగా ఉంటుంది కాబట్టి నీళ్లు కాచే ఖర్చు లేదు. హోటళ్లు ఇటీవల కట్టినవి, స్థలం పెట్టి కట్టినవి. మధ్యరకం హోటల్‌కు కూడా డాబా మీదో పెరట్లోనో కొలను ఉంటుంది, అది లేకపోతే పోటీలో నిలబడలేదు. దుబాయ్‌దీ ఇదే లెక్క. మండువేసవిలో అక్కడ గదుల రేట్లు పడిపోతాయి, కొలనులో నీళ్లను కాచడానికి బదులు చల్లబరుస్తారు. సింగపూర్ మధ్యస్థం. హోటల్లో పూల్ మామూలే, అయినా గవర్నమెంటు కాలనీల మధ్య కట్టిన ఈత కాంప్లెక్సుల్లో ఒకటి రెండు డాలర్లకే ఒలింపిక్ కొలతల కొలను దొరుకుతుంది.

పారిస్ దీనికి పూర్తిగా ఎదురు. ఊరి నడిబొడ్డున ఉన్న హోటళ్లలో చాలా భాగం పందొమ్మిదో శతాబ్దపు భవనాల్లో ఉన్నాయి. గోడకు గోడ ఆనుకుని, ఇరుకైన స్థలంలో ఆరేడు అంతస్తులు. పది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, 1.3 మీటర్ల లోతున్న చిన్న పూల్ అనుకోండి, అందులో పట్టే నీళ్లు 52 ఘనపు మీటర్లు. బరువు 52 టన్నులు. అయిదు లారీల కంకర డాబా మీద పోసినట్టు. పాత ఇంటి మీద అంత బరువు ఎత్తలేరు కాబట్టి మిగిలేది సెల్లార్ ఒక్కటే. వైన్ సీసాలు దాచుకోవడానికి కట్టిన సెల్లార్‌లో ఎంత కొలను పడుతుంది? నాలుగు బారలంత. దానికి ఏడాది పొడవునా వేడి, గాలి ఆడే యంత్రాలు, శుభ్రంగా ఉంచే మనిషి. ఆ ఖర్చంతా ఉన్న నలభై యాభై గదుల మీదే పంచుకోవాలి. కాబట్టి అక్కడ పూల్ అనేది నాలుగైదు స్టార్ల హోటళ్ల హంగు.

మరి ఊరి కొలను అంత చవక ఎలా అయింది? కట్టింది మనలాంటి టూరిస్టుల కోసం కాదు, బడిపిల్లల కోసం. ఫ్రాన్స్‌లో ఈత బడి చదువులో భాగం. లెక్కలు, చరిత్ర ఎలాగో ఈతా అలాగే. క్లాసు పిల్లలందర్నీ వరసగా నడిపించుకుంటూ దగ్గరి కొలనుకు తీసుకెళ్తారు. 1970ల్లో అక్కడి ప్రభుత్వం దేశమంతటా వెయ్యి కొలనులు కడతామని పథకం పెట్టింది. వెయ్యి పూర్తి కాలేదు గానీ వందల సంఖ్యలో కట్టారు. పారిస్‌లో తొలి కప్పున్న ఈత కొలను అంతకు చాలా ముందే, 1884లో, షాతో-లాండన్ వీధిలో తెరిచారు. ఇప్పుడు ఊళ్లో నలభై దాకా ఉన్నాయి. కొన్నింటి నిర్వహణ ప్రైవేటు సంస్థలకిచ్చారు, వాటిలో టికెట్టు కాస్త ఎక్కువ. మిగతావి పన్నుల డబ్బుతో నడుస్తాయి. ఆ సబ్సిడీలో ఊళ్లోవాడికి ఎంత వాటా ఉందో టికెట్టు కొన్న పరాయివాడికీ అంతే వాటా. పాస్‌పోర్టు అడిగే వాళ్లుండరు.

ఒకే మనిషి కథలో ఈ రెండు ధరల తేడా భలేగా కనిపిస్తుంది. 1924 ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ ఈతలో మూడు బంగారు పతకాలు గెలిచింది పారిస్ తూర్పు కొసన ఉన్న తురెల్ కొలనులో. యాభై మీటర్ల పొడవు, లేన్లు గీసిన కొలనులో ఒలింపిక్ ఈత జరగడం అదే మొదలు. ఆ కొలను ఇప్పుడు జార్జ్ వాల్రే పేరుతో ఊరి కొలనుగానే ఉంది. కప్పు తెరుచుకునేలా తిరిగి కట్టారు, 2024 ఒలింపిక్స్ సాధనకూ వాడారు. టికెట్టు కొనుక్కుని ఎవరైనా దూకవచ్చు. అదే వైస్‌ముల్లర్ 1929లో ఊరి పడమటి కొసన మోలిటోర్ అనే కొలను ప్రారంభోత్సవానికి వచ్చాడు. (తర్వాత సినిమాల్లో టార్జాన్ అయింది ఈయనే.) 1946 జులై 5న లోకానికి బికినీని మొదట చూపించింది కూడా మోలిటోర్‌లోనే. 1989లో మూతపడి పాతికేళ్లు పాడుబడింది. గోడల నిండా గ్రాఫిటీ. 2014లో మళ్లీ తెరుచుకుంది, కానీ లగ్జరీ హోటల్‌గా. ఇప్పుడు అక్కడ ఈదాలంటే ఆ హోటల్లో గదైనా తీసుకోవాలి, ఖరీదైన మెంబర్‌షిప్పో స్పా టికెట్టో అయినా కొనాలి. మోలిటోర్‌ను గీసిన లూసియన్ పోలే అనే ఆర్కిటెక్టే లాటిన్ క్వార్టర్ అనే పేటలో పాంత్వాజ్ కొలనునూ గీశాడు. చుట్టూ రెండంతస్తుల వరండాలు, వరసగా నీలం తలుపుల గదులు, పైన అద్దాల కప్పు. ఆయన పనితనం చూడాలంటే నేనైతే అక్కడికే వెళ్తాను.

అయితే ఊరి కొలనుకూ మనకూ మధ్య కొన్ని గొడవలున్నాయి. మొదటిది వేళలు. బడి నడిచే కాలంలో పగలంతా పిల్లలదే రాజ్యం. మంగళ, గురు, శుక్రవారాల్లో చాలా కొలనులు మామూలు జనానికి పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్లీ పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా మాత్రమే తెరుస్తారు. సోమవారం చాలా చోట్ల సెలవు. బుధవారం, శని ఆదివారాలు నయం. బడులకు సెలవులిచ్చినప్పుడు మాత్రం దాదాపు రోజంతా తెరిచి ఉంచుతారు. పైగా ఏటా నీళ్లన్నీ వదిలేసి కడగడానికి ఒక్కో కొలనును కొన్నాళ్లు మూసేస్తారు. దాన్ని 'విదాంజ్' అంటారు. గేటు మీద ఆ మాట కనిపిస్తే ఇక వెనక్కి తిరగడమే. అందుకే మ్యాప్‌లో చూపించే వేళల్ని నమ్మొద్దు, నగరపాలక సంస్థ సైట్‌లో ఆ కొలను పేజీ తెరిచి ఆ వారం టైంటేబుల్ చూసుకోండి.

రెండోది బట్టలు. ఊరి కొలనుల సంగతి నాలుగో రోజున తెలిసిందని చెప్పాను కదా, ఎగిరి గంతేసి వెళ్తే ఆ రోజు నన్ను వెనక్కి పంపారు. మోకాళ్ల దాకా వదులుగా వేలాడే ఈత నిక్కరు నాది. గట్టు మీద నిలబడిన కాపలా కుర్రాడు దాన్ని చూసి వేలు అడ్డంగా ఊపాడు. తర్వాత తన తల మీది టోపీ చూపించి, నా బట్టతల చూపించాడు. అర్థమైంది. మగవాళ్లకు ఒంటిని అంటిపెట్టుకునే పొట్టి నిక్కరు తప్పనిసరి. టోపీ ఆడా మగా అందరికీ తప్పనిసరి. జుట్టు లేదన్న మాట చెల్లదు. సిగ్గుతో బయటికొస్తే, లాబీలో మనకు చిప్స్ పాకెట్లు అమ్మే లాంటి మెషీన్ ఒకటి ఉంది. అందులో చిప్స్‌కు బదులు నిక్కర్లు, టోపీలు, కళ్లజోళ్లు వేలాడుతున్నాయి. అంటే నాలాంటివాళ్లు రోజూ తగులుతూనే ఉంటారన్న మాట. మెషీన్‌లో రేటు ఎక్కువ, ఊళ్లో క్రీడా సామగ్రి దుకాణంలో కొనుక్కుంటే సగానికి వస్తుంది. ఇంటి నుంచే తీసుకెళ్తే ఇంకా నయం.

ఈ రూలు చాదస్తంలా కనిపిస్తుంది గానీ దాని వెనక లెక్క ఉంది. కొలను దగ్గర ముక్కుకు ఘాటుగా తగిలే వాసనను మనం క్లోరిన్ అనుకుంటాం. నిజానికి అది క్లోరిన్ చెమటతో, మూత్రంతో, ఒంటి మురికితో కలిసినప్పుడు పుట్టే క్లోరమీన్ల వాసన. ఘాటు ఎక్కువుంటే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు, జనం స్నానం చేయకుండా దిగినట్టు. వదులు నిక్కరుతో వీధిలో తిరిగి, అదే నిక్కరుతో నీళ్లలోకి దిగుతారని వాళ్ల భయం. అందుకే సబ్బుతో స్నానం, కాళ్లు కడిగే చిన్న తొట్టి, ఆ తర్వాతే కొలను. ఐస్‌లాండ్‌లో ఇంకో మెట్టు పైకి వెళ్తారు. అక్కడి వేడినీటి కొలనులకు వెళ్తే ఒంటి మీద నూలుపోగు లేకుండా, అందరి ముందూ సబ్బు రాసుకుని స్నానం చేశాకే లోపలికి వదులుతారు. మనవాళ్లకు అది మింగుడుపడటానికి కొంచెం టైం పడుతుంది.

ఆడవాళ్ల విషయం సూటిగా చెప్పేస్తాను, ఎందుకంటే మా ఇంట్లో గొడవైంది దీనిమీదే. హైదరాబాద్‌లో చాలామంది వేసుకునే పొడుగు చేతులు, కాలి మడమల దాకా వచ్చే ఈత డ్రెస్సు పారిస్ ఊరి కొలనుల్లో ఒప్పుకోరు. 2022లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరం ఒళ్లంతా కప్పే డ్రెస్సుకు అనుమతిస్తూ రూలు మార్చితే, ఆ దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానం దాన్ని ఆపేసింది. అందులో మతం, రాజకీయం చాలా ఉన్నాయి. తప్పొప్పుల తీర్పు నేను చెప్పను గానీ, అలాంటి డ్రెస్సు తప్ప వేసుకోలేం అనుకునేవాళ్లకు పారిస్‌లో ఊరి కొలను లెక్క తలకిందులవుతుంది. అప్పుడు హోటల్ పూల్‌కు డబ్బు పెట్టడమే సబబు. అక్కడ కూడా ముందు ఈమెయిల్ పెట్టి అడగండి. మూడేళ్ల పిల్లల్ని నీళ్లలో ఆడించడమే పనైనవాళ్లకు కూడా నేను హోటల్ పూలే చెబుతాను. వాళ్లకు నాలుగు బారలు సముద్రమంత.

మీకు ఆ అవసరాలు లేవనుకోండి, ఊరి కొలను వెతకడం ఎలా? మ్యాప్‌లో ఇంగ్లీషులో "స్విమ్మింగ్ పూల్" అని కొడితే హోటళ్లు, స్పాలు, పూల్ సామాన్ల దుకాణాలు వచ్చి పడతాయి. ఆ ఊరి మాటలో వెతకాలి. ఫ్రాన్స్‌లో 'పిసీన్'. జర్మనీలో కప్పున్నదైతే 'హాలెన్‌బాడ్', ఆరుబయటిదైతే 'ఫ్రైబాడ్'. బ్రిటన్‌లో 'లీజర్ సెంటర్', ఆరుబయటివి 'లీడో'. ఈ మాటకు ఊరి పేరు కలిపి వెతికితే అయిదు నిమిషాల పని.

హోటల్ పూల్ కోసమే వెళ్లేటట్టయితే, బుకింగ్ సైట్లలో 'పూల్ ఉంది' అన్న టిక్కును నమ్మి మోసపోకండి. అది ఎండాకాలం మాత్రమే తెరిచేది కావచ్చు, పక్క వీధి జిమ్‌లోది కావచ్చు, స్పా టికెట్టు అదనంగా కొంటేనే దిగనిచ్చేది కావచ్చు. ఆరుబయటి కొలనైతే శాటిలైట్ మ్యాప్‌లో కనిపిస్తుంది. కంప్యూటర్‌లో మ్యాప్ తెరిచి, దూరం కొలిచే సాధనంతో ఈ కొస నుంచి ఆ కొసకు గీత లాగితే మీటర్లలో చెప్పేస్తుంది. ఫోటోలో పెద్ద చెరువులా కనిపించింది పదకొండు మీటర్లని తేలుతుంది. సెల్లార్‌లో ఉన్నదైతే ఆ దారి లేదు. అప్పుడు నేను గట్టున వేసిన పడక కుర్చీలను చూస్తాను. ఒక్కోటి సుమారు రెండు మీటర్లు. పొడవు వైపు ఎన్ని పడతాయో లెక్కపెట్టి రెండుతో గుణిస్తాను. హోటల్ వాళ్లు పెట్టిన ఫోటోల మీద కాదు సుమా, అవి వెడల్పు లెన్సుతో తీస్తారు. జనం రివ్యూల్లో పెట్టిన ఫోన్ ఫోటోల మీద. 2019లో ఈ తెలివి ఉండి ఉంటే ఆ సెల్లార్‌లో నాలుగు కుర్చీలు లెక్కపెట్టి ఊరుకునేవాణ్ని.

ఇక గది. పూల్ గొడవ వదిలేశాక హోటల్ వెతకడం ఎంత తేలికో చెప్పలేను. పూల్ అన్న ఫిల్టర్ తీసేయగానే తెర మీద హోటళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది, రెండు మూడు స్టార్లవి బయటపడతాయి. ఫ్రాన్స్‌లో స్టార్లు మర్యాదకో రుచికో ఇచ్చేవి కావు, కొలతలకు ఇచ్చేవి. ఇద్దరి గదికి రెండు స్టార్ల హోటల్లో కనీసం 9 చదరపు మీటర్లు, అంటే 97 చదరపు అడుగులు. మూడు స్టార్లకు బాత్రూముతో కలిపి 13.5, నాలుగు స్టార్లకు 16. మన ఇళ్లలో పూజగది, స్టోర్‌రూమ్ కలిపినంత జాగా అన్న మాట. రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరిచే వీలుండదు. ఇది ముందే తెలిసి వెళ్తే ఏ బాధా లేదు. లిఫ్టు ఉందా, ఏసీ ఉందా అన్నవి మాత్రం విడిగా చూసుకోవాలి. పాత హోటళ్లలో ఏసీ లేకపోవడం వింత కాదు, జులై వడగాడ్పుల్లో అది చిన్న విషయమూ కాదు.

తెర మీద కనిపించే ధర పూర్తి ధర కాదు. పారిస్‌లో బస పన్ను మనిషికి, రాత్రికి లెక్క. 2024లో అది బాగా పెరిగి, మూడు స్టార్ల హోటల్లో మనిషికి రాత్రికి 5 యూరోలు దాటింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు లేదు. ఇద్దరు ఆరు రాత్రులుంటే 60 యూరోలకు పైమాటే, చాలాసార్లు అది హోటల్లోనే కట్టమంటారు. ప్రతి ఊరికీ ఇలాంటి తోక ఒకటి ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో గది ధర మీద 12.5 శాతం. మలేషియాలో విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్లు. సింగపూర్‌లో ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తే 10 శాతం సర్వీసు ఛార్జీ, దాని మీద 9 శాతం జీఎస్టీ పడతాయని అర్థం. హోటల్ టిఫిను కూడా అంతే. రొట్టె, వెన్న, కాఫీలకు తలకు పది పదిహేను యూరోలు పెట్టే బదులు వీధి చివర బేకరీలో నిలబడి తింటే మూడో వంతు. అన్నం లేకపోతే గడవని మాలాంటివాళ్లు చిన్న వంటిల్లున్న అపార్ట్‌మెంట్ హోటల్ చూసుకోవడం మంచిది. లేదంటే గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ దాకా వెళ్లాలి. అక్కడ శ్రీలంక తమిళుల దుకాణాల్లో ఇడ్లీ, దోశ, కరివేపాకు అన్నీ దొరుకుతాయి.

గది రేటు ఊరిని బట్టే కాదు, తేదీని బట్టి కూడా మారుతుంది. పారిస్‌లో ఫ్యాషన్ వారాలు, మే చివర నుంచి రోలాండ్ గారోస్ టెన్నిస్, బేసి సంవత్సరాల్లో జూన్‌లో ల బుర్జే విమాన ప్రదర్శన వచ్చాయంటే రెండు స్టార్ల గది కూడా కొండెక్కుతుంది. ఆగస్టులో ఊరివాళ్లు సముద్రతీరాలకు వెళ్లిపోతారు, ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లూ తగ్గుతారు. దాంతో రేట్లు దిగుతాయి. మీకిష్టమైన బేకరీ మూసి ఉండొచ్చు, అంతే.

మనవాళ్లకు మాత్రమే ఉండే చిక్కు ఒకటుంది, ఇది యూరప్ వాళ్లు రాసే సలహాల్లో కనిపించదు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు అప్లై చేసేటప్పుడే ఎక్కడ ఉంటామో చూపించాలి. వీసా వస్తుందో రాదో, వచ్చినా ఏ తేదీకి చేతికొస్తుందో తెలియదు. అలాంటప్పుడు "డబ్బు తిరిగి ఇవ్వబడదు" అన్న గది పది పదిహేను శాతం చవకగా ఉన్నా, అది చవక కాదు. రద్దు చేసుకునే వీలున్న గది తీసుకోండి. వీసా చేతికొచ్చాక మళ్లీ వెతకండి. అప్పటికి అదే హోటల్ రేటు తగ్గిందేమో చూసి, తగ్గితే పాతది రద్దు చేసి కొత్తది తీసుకోండి. మా రెండో ట్రిప్పులో ఇలా రెండుసార్లు మార్చాం. ఇంకో మాట. హోటల్ కౌంటర్లో కార్డు గీకేటప్పుడు మెషీన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడుగుతుంది. రూపాయలు చూడగానే ప్రాణం లేచొస్తుంది, కానీ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మెషీన్ వాడిది, మన బ్యాంకు రేటు కంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువే.

2025 వేసవిలో రెండోసారి వెళ్లినప్పుడు హోటల్‌ను బట్టి కొలను వెతకలేదు, కొలనును బట్టి హోటల్ వెతికాం. పారిస్ ఇరవై వార్డులుగా ఉంటుంది, నత్త గుల్లలా మధ్య నుంచి చుట్టు తిరుగుతూ బయటికి నంబర్లు పెరుగుతాయి. పిన్‌కోడ్ చివరి రెండు అంకెలే వార్డు నంబరు. నేను రెండు చోట్లు గుర్తు పెట్టుకున్నాను. ఒకటి పదమూడో వార్డులో బ్యూత్-ఒ-కాయ్. ఆ కొలను 1924 నాటిది. సుమారు 600 మీటర్ల లోతు నుంచి తన్నుకొచ్చే బావి నీళ్లు, వచ్చేటప్పుడే 28 డిగ్రీల వెచ్చన. ఆరుబయటి తొట్టిలో చలికాలంలో కూడా ఆవిర్లు కక్కుతూ ఈదొచ్చు. ఆ వేడిలో కొంత కింద పెట్టిన కంప్యూటర్ సర్వర్ల నుంచి తీసుకునే ఏర్పాటు కూడా చేశారు. మాదాపూర్‌లో సర్వర్లను చల్లబరచడానికి తంటాలు పడే మా తమ్ముడికి ఇది చెబితే పది నిమిషాలు నవ్వాడు. గేటు ముందు చౌకులో అదే బావి నీటి కుళాయిలున్నాయి. చుట్టుపక్కల ముసలమ్మలు చక్రాల సంచుల్లో ఖాళీ సీసాలు తెచ్చుకుని నింపుకెళ్తుంటారు, మన వీధి బోరింగు దగ్గరలాగే.

రెండోది ఇరవయ్యో వార్డులో పోర్త్ దె లిలా, వైస్‌ముల్లర్ గెలిచిన వాల్రే కొలను ఉన్న చోటు. మేం అక్కడే దిగాం. టూరిస్టులు రాని పేట కాబట్టి రేటు తక్కువ. పదకొండో నంబరు మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా ఊరి నడిబొడ్డున షాత్లేలో దిగొచ్చు. 2025 జనవరి నుంచి మెట్రో, లోకల్ రైలు టికెట్టు పారిస్ ప్రాంతమంతటికీ ఒకటే చేశారు, ఆ ఏడాది రెండున్నర యూరోలు. విమానాశ్రయానికి మాత్రం 13. కాబట్టి దూరంగా ఉన్నామన్న భయం డబ్బు విషయంలో అక్కర్లేదు, టైం విషయంలోనే. గదిలో ఏసీ లేదు. రాత్రి కిటికీ తెరిచి పడుకుని పొద్దున్నే వెళ్లి యాభై మీటర్ల కొలనులో పడితే ఆ లోటే తెలియలేదు. ఒక్క తిప్పలే వచ్చింది. లేన్‌లో అందరూ కుడి పక్కన ఈదుతారు, నాకేమో మన రోడ్డు అలవాటు కొద్దీ ఎడమకు లాగేది. మొదటి రోజే ఒక పెద్దావిడ నాకు ఎదురొచ్చి ఆగి, నీళ్లలోంచే చెయ్యెత్తి ట్రాఫిక్ పోలీసులా పక్కకు చూపించింది.

టికెట్టే లేని ఈత కూడా ఉంది. లా విలెట్ కాలువ దగ్గర 2017 నుంచి వేసవిలో ఉచితంగా ఈదనిస్తున్నారు. అసలు పెద్ద వార్త సెన్ నది. 1923 నుంచి అందులో ఈత నిషేధం. నది బాగు చేయడానికి దాదాపు 140 కోట్ల యూరోలు పెట్టి, 2025 జులై 5న బెర్సీ, బ్రా మారీ, గ్రెనెల్ అనే మూడు చోట్ల జనానికి తెరిచారు. ఉచితమే. కానీ పారిస్‌లో వాననీళ్లూ మురుగునీళ్లూ చాలా చోట్ల ఒకే గొట్టంలో పోతాయి, పెద్ద వాన పడితే పొంగి నదిలోకి వస్తాయి. దాన్ని ఆపడానికి ఆస్టర్‌లిట్జ్ స్టేషన్ పక్కన భూమి కింద ఇరవై ఒలింపిక్ కొలనులంత తొట్టి కట్టారు. అయినా గట్టి వాన తర్వాత ఎర్ర జెండా ఎగరేసి ఆపేస్తారు. మేం బెర్సీకి వెళ్లిన మొదటి రోజు ఎర్ర జెండాయే.

రెండు రోజులాగి మళ్లీ వెళ్లాం. ఆకుపచ్చ. మెట్లు దిగబోతుంటే అక్కడి పిల్ల ఆపి, నడుముకు ఓ బెల్టు చుట్టింది. దానికి తాడు, తాడు కొసన గాలి నింపిన పసుపు పచ్చటి బుర్ర. నదిలో దిగేవాళ్లందరికీ అది ఉండాల్సిందేనట. నీళ్లు చల్లగా, కొంచెం బురద వాసనగా ఉన్నాయి. మా అమ్మాయి తన బుర్రను ముందుకు తోసుకుంటూ వచ్చి "ఇదెందుకు నాన్నా, మనకు ఈత వచ్చుగా" అంది. నేను వెల్లకిలా తేలుతూ, మోటబావి గట్టు మీద నిలబడి నా నడుముకు ముడి బిగించిన మా పెదనాన్న గురించి చెప్పడం మొదలుపెట్టాను.